అత్తిపత్తితో బస్సు ప్రయాణం

నిన్న కడియం నర్సరీ నుంచి ఒక అత్తిపత్తి మొక్క తెచ్చుకున్నా. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. మొదటి గతుక్కే ఆకులన్నీ ముడుచుకుని కాడలతో సహా వాలిపోయాయి. "అయ్యో, వాడిపోయిందమ్మా!" అంది పక్క సీటు పెద్దావిడ. లేదండీ, దాని గుణమే అంత అన్నాను.

కాడ మొదట్లో ఉబ్బెత్తుగా చిన్న కణుపులాంటిది ఉంటుంది. కుదుపు తగలగానే దాని అడుగువైపు కణాల్లోంచి నీళ్లు బయటికి పోతాయి, ఆ పక్క మెత్తబడి కాడ వాలుతుంది. కండరం లేదు, నరం లేదు, పనంతా నీళ్లదే. దీనిలోని విద్యుత్ సంకేతాల్ని జగదీశ్ చంద్ర బోస్ వందేళ్ల కిందటే కొలిచాడు.

తమాషా రావులపాలెం దాటాక. గతుకులు అలాగే ఉన్నాయి (మన రోడ్లు కదా!), ఆకులు మాత్రం హాయిగా విచ్చుకున్నాయి. 2014లో శాస్త్రవేత్త మోనికా గాగ్లియానో బృందం అత్తిపత్తి కుండీల్ని పదేపదే కొద్ది ఎత్తు నుంచి జారవిడిచి గమనించింది ఇదే: కాసేపటికి మొక్కలు ముడుచుకోవడం మానేశాయి, నెల తర్వాత కూడా ఆ అలవాటు పోలేదు.

పెద్దావిడ నమ్మలేదు. వేలితో ఒక ఆకు ముట్టింది. టక్కున ముడుచుకుంది.