ఏజెంట్ చేతికి క్యాలెండర్ ఇస్తే
మీటింగులు పెట్టే పని ఏఐ ఏజెంట్‌కి అప్పగించి హాయిగా ఉంటే నవంబర్ వచ్చింది. డాలస్ వాళ్ల పొద్దున 9 అంటే మనకి రాత్రి 7:30, అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పగానే అదే 9 మనకి 8:30 అయిపోద్ది, ఆ బుకింగ్ టూలేమో టైమ్‌జోన్ పేరు కాకుండా మైనస్ 5 అనే అంకె (ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీకి 5 గంటలు వెనక అని) దాచుకుంది, దాంతో పాత 7:30కే నేను అన్నం మధ్యలో వదిలేసి ఖాళీ కాల్‌లో నా మొహం నేనే చూస్కుంటూ కూర్చున్నా. డాలస్ టైమ్‌జోన్ పేరు "అమెరికా/చికాగో" అని పెట్టుకుంటే లెక్క దానంతటదే మారేది కదరా బాబూ! ఇంకోటి, గూగుల్ క్యాలెండర్‌ని ఫ్రీబిజీ అడిగితే ఏ టైమ్ బిజీనో చెప్తుందంతే, స్లాట్ పట్టి ఉంచదు, ఈలోపు ఇంకో ఏజెంట్ దూరితే డబుల్ బుకింగే. బుక్ చేసే ముందు మళ్లీ చెక్ చేయమని చెప్పా. నాన్నగారైతే రాహుకాలం చూస్తుందా అన్నారు, సోమవారం పొద్దున 7:30 నుంచి 9 బ్లాక్ చేసేశా, ఆయన ఖుషీ.