రాసే చేతికి సూది వద్దు

"అక్కా, ఈ కుందేలు బొమ్మలు చిన్నపిల్లలకు ఉండనీ. మాకు ఒక కర్టెన్ కట్టించండి చాలు."

పొద్దున రక్తం ఎక్కిస్తుంటే పదహారేళ్ల అమ్మాయి అన్న మాట. తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. మిర్యాలగూడ వైపు నుంచి వాళ్లమ్మతో మొదటి బస్సుకే నల్లగొండ వస్తుంది. మూడు నాలుగు వారాలకోసారి రావాల్సిందే. ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే వార్డు, ఇదే మంచం. ఇప్పుడు పాదాలు మంచం దాటి బయటికొచ్చాయి.

వార్డులో ఉన్న పెద్ద పిల్లలు నలుగురికీ తెల్లకాగితం ఇచ్చి, ఏమేం మార్చాలో రాయమన్నాం. ఛార్జింగ్ పాయింట్, చదువుకోడానికి లైటు అడుగుతారనుకున్నా. అడిగారు కూడా.

కానీ ఆ అమ్మాయి మొదటి లైన్: "రాసే చేతికి సూది పెట్టొద్దు. ఇంటర్ పరీక్షలున్నాయి." దాని కింద: "నెలసరి గురించి అందరి ముందూ అడగొద్దు." ఇంకో అబ్బాయిది: "డాక్టర్ గారు అమ్మతోనే కాదు, నాతో కూడా చెప్పాలి."

ఇన్నేళ్లుగా నరం ఎక్కడ దొరికితే అక్కడ పెట్టాను. ఏ చేత్తో రాస్తావమ్మా అని ఒక్కరినీ అడగలేదు. ఆ మాట పొద్దుటి నుంచి మనసులో మెదులుతూనే ఉంది.

డ్యూటీ దిగి క్లాక్ టవర్ దగ్గర కర్టెన్ గుడ్డలు చూశాను. కొనలేదు. రంగు వాళ్లనే అడగాలి.