పాపకు ముందే చెప్పాము

మా పాపకు నాలుగేళ్లు నిండకముందే గురక మొదలైంది. చిన్నపిల్ల గురక ముద్దుగా ఉందని నవ్వుకున్న చుట్టాలే, మధ్యలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి మళ్లీ పీల్చుకోవడం చూశాక నవ్వడం మానేశారు. రాత్రంతా పక్క మీద దొర్లేది. పొద్దున లేస్తే చిరాకు. విజయవాడలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు మెడకు పక్కనుంచి ఎక్స్‌రే తీయించి, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండలు పెరిగి గాలి దారిని దాదాపు మూసేశాయని చూపించారు. టాన్సిల్స్ కూడా బాగా పెద్దవయ్యాయి. ముక్కులో కొట్టే మందుతో గుణం కనిపించలేదు. రెండూ తీసేయాలన్నారు.

పాపకు ఏమని చెప్పాలన్న దగ్గర ఇంట్లో మాట పట్టింపు వచ్చింది. "చెబితే హడలిపోతుంది, బొమ్మ కొనిస్తామని తీసుకెళ్దాం" అన్నారు అత్తయ్య. ఆవిడది ప్రేమే. కానీ ఈ ఆపరేషన్‌లో అసలు కష్టం తర్వాత ఉంటుంది. గొంతు మండుతున్నా నీళ్లు తాగాలి, మందు మింగాలి. తాగమని చెప్పేది నేను. నా మాట నమ్మితేనే తాగుతుంది. బొమ్మ పేరు చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లిన అమ్మను ఏ పిల్ల నమ్ముతుంది?

అందుకే ముందుగానే కూర్చోబెట్టి చెప్పాను. గొంతులో రెండు ఉండలు పెరిగాయని, వాటివల్లే గాలి ఆడటం లేదని, నిద్రపుచ్చి తీసేస్తారని.

"కోస్తారా?"

"బయట ఎక్కడా కోయరు. నోట్లోంచే తీస్తారు. అప్పుడు నీకు తెలియదు."

"లేచాక నొప్పి ఉంటుందా?"

"ఉంటుంది. తగ్గడానికి మందు ఇస్తారు. నేను నీ పక్కనే ఉంటాను."

కాసేపు ఆలోచించి, తన గుడ్డ కుందేలు కూడా రావాలంది. అంతే, ఏడవలేదు.

మత్తుకు ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు బంద్. రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు మాత్రం ఇవ్వవచ్చు. కడుపులో ఉన్నది మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు కాబట్టి ఇందులో ఎవరి జాలీ పనికిరాదు. ఆ ఉదయం ఇంట్లో ఎవరమూ పాప ముందు ఏమీ తినలేదు.

పాప నిద్రపోయేదాకా ఒకరు లోపలికి రావచ్చన్నారు. ఆకుపచ్చ గౌను తొడుక్కుని నేను వెళ్లాను. మాస్కు మొదట కుందేలుకు పెట్టి చూపించి, తర్వాత పాప ముఖానికి ఆనించి గట్టిగా ఊదమన్నారు మత్తు డాక్టరుగారు. నాలుగైదుసార్లు ఊదింది. కళ్లు సగం తెరిచే ఉండగా చేతులు ఒకసారి అదిరి, నా చేతిలోని వేళ్లు వదులైపోయాయి. ఇలా అవుతుందని ఆవిడ ముందే చెప్పకపోతే నేను అక్కడే కూలబడేదాన్ని.

ఇంకొకటి కూడా చెప్పారు. మత్తు వదిలేటప్పుడు కొందరు పిల్లలు మనుషులను గుర్తుపట్టరు, కాసేపట్లో సర్దుకుంటుందని. నిజంగానే "అమ్మ కావాలి" అని అరుస్తూ నన్నే రెండు చేతులా తోసేసింది. విల్లులా వంగిపోతూ చేతికి కట్టిన సెలైన్ సూదిని పీకబోయింది. నర్సమ్మ ఆ చెయ్యి పట్టుకున్నారు, నేను పేరు పెట్టి మెల్లగా పిలుస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఉన్నట్టుండి అలసి నా ఒళ్లో నిద్రపోయింది. లేచాక అదేదీ గుర్తులేదు.

సాయంత్రం ఒకసారి నల్లటి వాంతి అయింది. ఆపరేషన్‌లో మింగిన పాత రక్తమేనని, ఎర్రగా తాజా రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే పిలవమని నర్సమ్మ చెప్పారు. నిద్రలో కూడా మాటిమాటికీ గుటకలు వేస్తుంటే లోపల రక్తం కారుతున్నట్టు అనుమానించాలట. ఆ రాత్రి నా కళ్లన్నీ ఆ చిన్ని గొంతు మీదే. కాలి వేలికి పెట్టిన క్లిప్పు ఎర్రగా వెలుగుతోంది, ఆక్సిజన్ అంకె తెర మీద నిలకడగా ఉంది. గురక మాత్రం పోలేదు! ఆపరేషన్ ఫలించలేదేమోనని భయపడ్డాను. వాపు వల్ల కొన్నాళ్లు అలాగే ఉంటుందని రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుగారు చెప్పాక ఊపిరి పీల్చుకున్నాను.

ఉదయం చల్లటి పాలు రెండు గుక్కలు తాగి నా ముఖంలోకి చూసి, "నొప్పి ఉందమ్మా, నువ్వు చెప్పినట్టే" అంది. మళ్లీ గ్లాసు అందుకుంది.

ఇంటికి పంపేటప్పుడు, బరువును బట్టి రాసిన పారాసిటమాల్ సిరప్ ఆరు గంటలకోసారి రాత్రి లేపి అయినా వేయమన్నారు. ఎర్ర రంగు పానీయాలు వద్దన్నారు, వాంతి అయితే రంగో రక్తమో తేలదు కాబట్టి. గొంతులో తెల్లటి పొర చూసి అత్తయ్య చీము పట్టిందని కంగారుపడ్డారు. అది పుండు మానేటప్పుడు కట్టే పొరేనట. అయిదు నుంచి పది రోజుల మధ్య అది ఊడేటప్పుడు రక్తస్రావం కావచ్చని, ఆ రోజుల్లో ఊరు దాటవద్దని చెప్పారు. చెవిలో పోటు అని ఒక రాత్రంతా ఏడ్చింది. చెవికి ఏమీ కాలేదు. గొంతు నొప్పే నరాల దారిన చెవిలో తెలుస్తుందట.

మందు వేసిన అరగంటకు మెత్తటి పెరుగన్నం పెడితే తినేది. తినిపించే పని అత్తయ్యే తీసుకున్నారు. "కొంచెం మండుతుందమ్మా, మింగెయ్" అని ఆవిడే చెబుతూ పెట్టారు.