యూపీఎస్ ఫారం ఇవ్వబోయి వెనక్కి తెచ్చుకున్నాను

యూపీఎస్‌కి మారాలా వద్దా అన్నది గడువులోపే తేలింది, కోపం మాత్రం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నా. మాది విజయవాడలో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసు. 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ (సర్వీసును బట్టి ఖాయమైన పెన్షన్ ఇచ్చే ఏకీకృత పెన్షన్ పథకం) వచ్చింది, ఎన్‌పీఎస్‌లో (సొమ్ము మార్కెట్లో పెట్టే జాతీయ పెన్షన్ పథకం) ఉన్నవాళ్లు కావాలంటే మారొచ్చన్నారు. గడువు మొదట జూన్ 30, తర్వాత సెప్టెంబర్ 30, ఆ తర్వాత 2025 నవంబర్ 30. పెంచినప్పుడల్లా హమ్మయ్య అనుకోవడం, మర్నాటి నుంచి మళ్లీ అదే టెన్షన్.

ఫారం దొరకడం, నింపడం పెద్ద పనేం కాదు. ఏ2 ఫారం, ప్రాన్ (మన పెన్షన్ ఖాతా) నంబరు, సంతకం, అంతే.

ఆఫీసులో అందరిదీ ఒకటే పాట, "కళ్లు మూసుకుని యూపీఎస్ తీసుకోండి మేడమ్, సగం జీతం పెన్షన్" అని. ఆ సగం పాతికేళ్ల సర్వీసు ఉన్నవాళ్లకి. మా ఆయన పోయాక 2009లో కారుణ్య నియామకంలో చేరేటప్పటికి నాకు ముప్పై ఏడు, 2032లో దిగిపోయేనాటికి 23 ఏళ్లే అవుతాయి. అంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో 46 శాతం. ఈ లెక్క చెప్పిన మహానుభావుడు ఒక్కడూ లేడు, సింగ్‌నగర్ బస్సులో కూర్చుని నేనే వేసుకున్నా. మా తమ్ముడేమో "మార్కెట్ బాగుందక్కా, ఎన్‌పీఎస్ వదలకు" అంటాడు. వాడు షేర్లలో ఎంత పోగొట్టాడో మా అమ్మకి తెలిస్తే ఇంట్లోకి రానివ్వదు.

చివరికి పోరు పడలేక యూపీఎస్‌కే నింపి బిల్స్ సెక్షన్‌కి పట్టుకెళ్లాను. నా వెనకాల ఇంకో పదిమంది. ఆ గుమాస్తా కాగితం పైకెత్తి, అందరికీ వినపడేలా, "ఏవమ్మా, భర్త వివరాలు ఖాళీగా వదిలేశారేంటి? ఇన్నేళ్ల సర్వీసులో ఫారం నింపడం కూడా రాలేదా?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఆయన లేరండీ అన్నాను. "లేరంటే? ఎక్కడికెళ్లారు?" ఆయన పోయాక నా ఉద్యోగం కాగితాలు నడిచింది ఆ సెక్షన్ నుంచే. పక్కసీటు ఆవిడ గొణిగితే గానీ అతనికి అర్థం కాలేదు. అప్పుడైనా సారీ అన్నాడా, లేదు. "అయితే గీత కొట్టి తీసుకురండి" అని ఫారం నా వైపు తోశాడు.

మెట్ల మీద కూర్చుని గీత కొట్టబోతూ ఆగాను. అసలు భర్త వివరాలు వాళ్లకెందుకు? యూపీఎస్‌లో పెన్షనరు పోయాక ఆ పెన్షన్‌లో 60 శాతం భార్యకో భర్తకో ఇవ్వడానికి. నాకు ఆ మనిషే లేనప్పుడు నా పెన్షన్ నాతోనే ఆగిపోతుంది, పిల్లలకు రాదు. ఎన్‌పీఎస్‌లో అయితే పోగైన సొమ్ములో 60 శాతం చేతికొస్తుంది, మిగతా 40తో యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పాలసీ) కొనేటప్పుడు పెట్టిన సొమ్ము నామినీకి తిరిగొచ్చే రకం ఎంచుకోవచ్చు. మా ఆయన 2004కి ముందు, పాత పెన్షన్ ఉన్నప్పుడు ఉద్యోగంలో చేరిన మనిషి కాబట్టి నాకు ఫ్యామిలీ పెన్షన్ ఎలాగూ వస్తోంది. కూటికి లోటు లేదు. ఇన్నాళ్లూ ఊరందరి లెక్కలూ మోశాను గానీ నా ఇంటి లెక్క ఇది.

వెనక్కెళ్లి "నాకు యూపీఎస్ వద్దు, ఎన్‌పీఎస్‌లోనే ఉంటాను" అని లెటర్ రాసిచ్చాను. ఏమీ ఇవ్వకపోయినా ఎన్‌పీఎస్‌లోనే ఉంటారు, మళ్లీ ఇదెందుకని విసుక్కున్నాడు. నాకు తెలుసు. కానీ గడువు దాటిపోయి అందులో మిగిలిపోవడం వేరు, నేనే ఉంటానని చెప్పడం వేరు. లెటర్ అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేసేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.

పాతికేళ్ల సర్వీసు వస్తూ, ఆవిడో ఆయనో ఉన్నవాళ్లకి ఇంత ఆలోచన అక్కర్లేకపోయింది, యూపీఎస్ ఇచ్చేస్తే సరిపోయేది. అలా మారినవాళ్లు రిటైర్మెంటుకి ఏడాది ముందు వరకు ఒక్కసారి ఎన్‌పీఎస్‌కి తిరిగి రావొచ్చు. గడువు దాటాక ఎన్‌పీఎస్‌లో మిగిలినవాళ్లకి ఇటు నుంచి అటు దారి లేదు. ఫారం మాత్రం గుమాస్తా చేతికి ఇవ్వకుండా ఆన్‌లైన్‌లో పెట్టుకోవాల్సింది.

తమ్ముడికి ఇంకా చెప్పలేదు. తన మాటే విన్నాననుకుంటాడు.