రెండింటికీ ‘అనుమానం’ అనే రాసుకున్నా

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం రాసే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ, అంటే టైర్-1లో ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు పెడితే అర మార్కు పోతుంది. నాకు గ్రామర్‌లో కన్నా దగ్గర దగ్గర అర్థాలున్న పదాల్లోనే ఎక్కువ పోయేవి.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని ఒక లాంగ్ నోట్‌బుక్ నింపేశాను. ఇటు ఇంగ్లిష్ పదం, అటు తెలుగు అర్థం. డౌట్: అనుమానం. సస్పెక్ట్: అనుమానం. షేడ్: నీడ. షాడో: నీడ. మాక్ టెస్ట్‌లో రెండూ పక్కపక్కన ఆప్షన్లుగా వస్తే ఏది పెట్టాలి? తేడాని నా చేత్తో నేనే చెరిపేసుకున్నానన్నమాట.

ఒకరోజు కోఠి బస్సులో నా ఫోన్ కొట్టేశారు. మర్నాడు క్లాసులో ‘మై ఫోన్ వాజ్ రాబ్డ్’ అన్నాను. సార్ నవ్వి, "ఫోన్‌ని దోచుకున్నారా? పాపం, దాని జేబులో ఎంతుందట?" అన్నారు. రాబ్ చేసేది మనిషిని, ఇంటిని, బ్యాంకుని. స్టీల్ చేసేది వస్తువుని. తెలుగులో ‘దోచుకోవడం’ రెండింటికీ సరిపోతుంది కాబట్టి ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి తడబడ్డాను.

అప్పట్నుంచి అర్థం బదులు వాక్యం రాసుకోవడం మొదలుపెట్టా. ‘ఐ డౌట్ హి టుక్ ఇట్’ అంటే వాడు తీసి ఉండడని. ‘ఐ సస్పెక్ట్ హి టుక్ ఇట్’ అంటే వాడే తీశాడని. దాదాపు ఎదురర్థాలు! అయితే వెనక ‘హిజ్ మోటివ్స్’ లాంటి నామవాచకం వస్తే మాత్రం రెండూ మళ్లీ దగ్గరికొచ్చేస్తాయి, జాగ్రత్త. మనకేమో పొద్దున్న లేస్తే "సార్, ఒక డౌట్" అనడం అలవాటు. అదొక గొడవ.

చేసిన పని చేయలేదంటే డినై, అడిగిన పని చేయనంటే రిఫ్యూజ్. ప్రశ్నలో ఖాళీ తర్వాత ‘టు’ ఉంటే రిఫ్యూజ్ వైపు, ఐఎన్‌జీ ఉంటే డినై వైపు చూడండి. లేటుగా వెళ్తే సెంటర్ గేటు దగ్గర ‘డినైడ్ ఎంట్రీ’ అంటారు కదా, అక్కడ డినై అంటే ఇవ్వకపోవడం. షేడ్ అంటే లైబ్రరీ బయట మనం బండి పెట్టుకునే చెట్టు నీడ, షాడో అంటే నేల మీద పడే మన ఆకారం.

అప్పు తీసుకుంటే బారో, ఇస్తే లెండ్. ఈ రెండింటి దగ్గర ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను. రూమ్మేట్‌కి నేనిచ్చిన ఐదొందలు గుర్తు చేసుకుని లెండ్ పెడతాను. అవింకా తిరిగి రాలేదు.