ఉండి వచ్చిన ఊళ్ళు

యూరప్‌లో ఉంటున్నామని తెలియగానే మనవాళ్ళు ముందు అడిగేది "ఏమేం చూశారు?" అని. తప్పు పట్టలేం. మనకి ప్రయాణమంటే దర్శనం. కాశీ వెళ్తే విశ్వనాథుణ్ణి చూడాలి, పారిస్ వెళ్తే ఈఫిల్ టవర్ చూడాలి. మ్యూనిక్ వచ్చిన కొత్తలో నేనూ మా ఆయనా అలాగే తిరిగాం. పొద్దున ఒక ఊరు, రాత్రికి ఇంకో ఊరు, ఫోన్ నిండా ఫోటోలు. పిల్లలు పుట్టాక ఆ పద్ధతి సాగలేదు. నాలుగేళ్ళ పిల్లాడికి వెయ్యేళ్ళ చర్చి చూపిస్తే వాడు మెట్ల మీద పావురాల వెంట పరిగెత్తుతాడు. వాణ్ణి లాక్కుంటూ ఇంకో చర్చికి వెళ్ళడంలో అర్థం లేదు.

అప్పట్నుంచి ఒక సెలవుకి ఒకే ఊరు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటాం. పెట్టెలో చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, చింతపండు ఉండాల్సిందే. పొద్దున పెద్దవాళ్ళు చూడాలనుకున్నది ఒకటి, మధ్యాహ్నం నుంచి పిల్లల ఇష్టం.

ఈ ఊళ్ళు మా జీవితంలోకి రావడానికి అసలు కారణం బడి. జర్మనీలో బడికి వెళ్ళి తీరాలి, అది చట్టం. రెండు రోజులు ముందు బయల్దేరితే టికెట్ చవక కదా అనే మన లెక్క ఇక్కడ చెల్లదు. సెలవులకి ముందు రోజుల్లో బవేరియా ఎయిర్‌పోర్టుల్లో పోలీసులు బడి వయసు పిల్లలున్న కుటుంబాలని ఆపి ఆరా తీసిన సందర్భాలున్నాయి, జరిమానా కూడా పడుతుంది. కాబట్టి ఇండియా అంటే ఆగస్టు. ఆరు వారాల సెలవులు, మండిపోయే టికెట్ ధరలు, తెనాలిలో ఉక్కపోత. సంక్రాంతి ముగ్గులూ గొబ్బెమ్మలూ మా పిల్లలు వీడియోలో చూడాల్సిందే, జనవరి పద్నాలుగున వాళ్ళకి బడి. మిగతావన్నీ వారం, రెండు వారాల సెలవులు. ఇండియాకి చాలవు, ఇంట్లో కూర్చుంటే తెమలవు. రైలెక్కితే నాలుగు గంటల్లో వియన్నా. అలా మా పిల్లలకి విజయవాడ కన్నా వియన్నా బాగా తెలుసు. మొదట్లో ఈ మాట పైకి అనడానికి కూడా నాకు మనసొప్పేది కాదు.

ఇప్పుడు అంత బాధ లేదు. ఎందుకో చెప్పాలంటే మావయ్యగారి గురించి చెప్పాలి.

మావయ్యగారు ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కృష్ణా డెల్టా కాలువల మీదే. ఆయనకీ మా పెద్దదానికీ ఫోన్‌లో మాటలు ఎప్పుడూ రెండు ముక్కలే. "తిన్నావా అమ్మా?" "తిన్నాను తాతయ్యా." తర్వాత ఇద్దరూ తెర వైపు చూస్తూ నవ్వుకుంటారు, ఎవరో ఒకరు ఫోన్ నాకిచ్చేస్తారు. తెనాలి వెళ్తే అది చుట్టం. నాయనమ్మ మంచినీళ్ళ దగ్గర్నుంచి మంచం దాకా దానికి విడిగా ఏర్పాట్లు చేస్తుంది. వాళ్ళు మ్యూనిక్ వస్తే వాళ్ళు చుట్టాలు. లిఫ్ట్ బటన్ నొక్కాలన్నా, చెత్త ఏ డబ్బాలో వెయ్యాలన్నా మనవరాల్ని అడగాలి. ఆదివారం మిక్సీ వేస్తే "నాయనమ్మా, ఈరోజు చప్పుడు చెయ్యకూడదు" అని అది మందలిస్తుంది. ఎవరో ఒకరు ఎప్పుడూ తక్కువైపోతూ ఉంటారు.

వియన్నాలో ఆ తేడా లేకుండా పోయింది. షోన్‌బ్రున్ ప్యాలెస్‌లో మావయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని మర్యాదగా నడిచారు, అంతే. రాజుల మంచాలూ కుర్చీలూ ఆయనకి పట్టలేదు. ష్వార్జెన్‌బర్గ్ ప్లాట్జ్‌లో ట్రామ్ దిగినప్పుడు అక్కడి పెద్ద ఫౌంటెన్ ముందు మాత్రం ఆగిపోయారు. దాని గురించి జర్మన్‌లో రాసి ఉన్నదాన్ని మా పెద్దది చదివి తెలుగులో చెప్పింది. ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వియన్నాకి మంచినీళ్ళు తెచ్చిన మొదటి పైపులైను 1873 లో పూర్తయింది, ఆ సందర్భంగా కట్టిన ఫౌంటెన్ ఇది. రెండో లైను 1910 లో వచ్చింది. ఇప్పటికీ ఊరికి తాగునీళ్ళు ప్రధానంగా వాటి మీదే వస్తాయి, కొండల నుంచి పంపులు లేకుండా పల్లానికి పారుతూ.

"పంపుల్లేవా? సరిగ్గా చదివావా?" అన్నారు మావయ్యగారు. అది మళ్ళీ చదివింది.

ఇంక ఆయన్ని ఆపేవాళ్ళు లేరు. కాలువకి వాలు ఎక్కువైతే గట్లు కోసుకుపోతాయి, తక్కువైతే పూడిక పేరుకుంటుంది, మధ్యలో కొండ వస్తే సొరంగమో వంతెనో కట్టాలి కానీ వాలు చెడకూడదు. బెజవాడ దగ్గర 1855 లో కట్టిన ఆనకట్ట, దాని చోట 1957 లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, అక్కణ్ణుంచి తెనాలి మీదుగా పారే కాలువలు, అన్నీ ఆ బెంచీ మీదే వచ్చాయి. పెద్దది ప్రశ్న మీద ప్రశ్న వేసింది. తెలుగు మాట దొరకనప్పుడు చేత్తో గాల్లో గీసి చూపించింది. చిన్నోడు ఈలోగా నాలుగుసార్లు తడిసి వచ్చాడు. అత్తయ్యగారు, "ఈ మాటలన్నీ తెనాలిలో కాలవ పక్కనే కూర్చుని ఎందుకు చెప్పలేదండీ?" అన్నారు. అక్కడ ఎవరూ అడగలేదు, అదీ సంగతి. తెనాలిలో ఆయన కాలువ ఆయనకి పాతది, మ్యూనిక్‌లో మా నల్లా దీనికి పాతది. ఇద్దరికీ కొత్తదైన నీళ్ళ ముందు కూర్చుంటే గానీ మాట కలవలేదు.

నాకు తట్టింది ఇదొక్కటే. తాత ఊళ్ళో మనవడు అతిథి, మనవడి ఊళ్ళో తాత అతిథి. ఎవరిదీ కాని మూడో ఊరు ఒకటి కావాలి. మన సంస్కృతి, వాళ్ళ సంస్కృతి అని తూకం వేసే పని అక్కడ ఉండదు. సంస్కృతి నేర్పడానికి ఇదొక పద్ధతని నేననను. దీనివల్ల మా పిల్లలకి తెలుగు చదవడం రాలేదు, పద్యాలు రాలేదు. పెద్దవాళ్ళతో మాట్లాడటానికి విషయం దొరికింది.

రోమ్‌లో అయితే పెద్దరికం చేతులు మారింది. మ్యూనిక్‌లో రోడ్డు ఖాళీగా ఉన్నా ఎర్ర లైటు పడితే నిలబడాల్సిందే. దాటితే పక్కనున్న ముసలావిడ, పిల్లలు చూస్తున్నారు కదా అని కసురుతుంది. ఆ క్రమశిక్షణలో పెరిగిన మా పెద్దది రోమ్ రోడ్డు అంచున పది నిమిషాలు అలాగే నిలబడిపోయింది. మావయ్యగారు ఒక చెయ్యి ఎత్తి, బండివాడి కళ్ళలోకి చూస్తూ, వేగం పెంచకుండా తగ్గించకుండా దాటేశారు. అవతలి వైపు నుంచి "రా అమ్మా, బండి అదే ఆగుద్ది" అని పిలిచారు. ఆ తర్వాత అన్ని రోజులూ రోడ్డు వస్తే అది ఆయన చెయ్యి పట్టుకునేది. నేను సంతోషించాను, భయపడ్డాను కూడా. ఈ విద్య మ్యూనిక్‌లో ప్రయోగిస్తే కష్టం.

వెనిస్ అత్తయ్యగారిది. రియాల్టో వంతెన దగ్గర పొద్దున్నే చేపల బజారు పెడతారు. అక్కడ ఆవిడకి ఇటాలియన్ అవసరం పడలేదు. మొప్పలు ఎత్తి చూశారు, వేలితో నొక్కి చూశారు, ఒకటి పక్కన పెట్టి ఇంకోటి తీశారు. అమ్మేవాడు వద్దనలేదు సరికదా, లోపల్నుంచి మంచివి తీసి చూపించాడు. ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్‌లో పులుసు కాగింది. పెద్దది తిననంది. శాకాహారం మొదలుపెట్టింది లెండి, వాతావరణం బాగుపడాలని. "ఏ వారమే, శనివారమా?" అని అత్తయ్యగారు అడిగారు. భూమి వేడెక్కడం గురించి మనవరాలు చెప్పిందంతా ఓపిగ్గా విని, "సరే, పప్పు పెడతా. నా నోములు నావి, నీ నోములు నీవి" అన్నారు.

మర్నాడు చిన్న తినుబండారాల కొట్లో ఆవిడకి సార్దే ఇన్ సావోర్ అనే వంటకం తినిపించాం. వేయించిన కవళ్ళ మీద ఉల్లిపాయలు, వెనిగర్, ఎండు ద్రాక్ష, పైన్ గింజలు వేసి ఊరబెడతారు. ఒకప్పుడు ఓడల్లో వెళ్ళేవాళ్ళకి చేప నిలవ ఉండటానికి కనిపెట్టిన వంట. చేసిన రోజు కన్నా తర్వాత రోజే రుచి. రాత్రి పులుసు పొద్దున అన్నంలో ఎలా ఉంటుందో తెలిసిన మనిషికి ఇంకేం చెప్పాలి? ఎండు ద్రాక్ష మాత్రం ఏరి పక్కన పెట్టారు. పాయసంలో వెయ్యాల్సినవి చేపల్లో వేశారని ఆవిడ ఫిర్యాదు ఇప్పటికీ ఉంది.

పెద్దది నాలుగో తరగతిలో ఉన్న ఏడాది మేం ఎక్కడికీ వెళ్ళలేదు. బవేరియాలో పదేళ్ళ పిల్లలకే దారి తేలిపోతుంది. జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, ఈ మూడింట్లో సగటు 2.33 లోపు ఉంటేనే యూనివర్సిటీ చదువుకి దారి తీసే గిమ్నాజియం అనే బడికి నేరుగా తీసుకుంటారు. ఒకటంటే అన్నిటికన్నా మంచి మార్కు, ఆరంటే ఫెయిల్. ఇంటర్ ర్యాంకుల టెన్షన్ నుంచి పారిపోయి వచ్చామనుకున్నాం, ఇక్కడ అది ఇంకా ముందే పట్టుకుంది. ఫోన్‌లో మావయ్యగారు మార్కులెన్ని అని అడిగితే "రెండు" అని ఇది గర్వంగా చెప్పింది. అవతల కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

డ్రెస్డెన్‌కి తీసుకెళ్ళింది మా ఆయన. ఆయన చదువంతా హైదరాబాద్‌లో, గోల్కొండ ఆయన సొంత ఆస్తి అన్నట్టు మాట్లాడతారు. అక్కడి గ్రీన్ వాల్ట్ మ్యూజియంలో 41 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రం ఉంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. మా తెనాలి పక్కన ఉన్న కొల్లూరు కాదు, పల్నాడు వైపు, ఇప్పుడు పులిచింతల నీళ్ళలో మునిగి ఉన్న కొల్లూరు. అదే మ్యూజియంలో ఔరంగజేబు పుట్టినరోజు దర్బారు కూడా ఉంది. డింగ్లింగర్ అనే కంసాలి 1701 నుంచి 1708 దాకా కూర్చుని చేసిన బుల్లి లోకం. బంగారం, వెండి, మీనాపని, వేల వజ్రాలు, నూటికి పైగా బొమ్మలు, కానుకలు మోసుకొచ్చే ఏనుగులు. గోల్కొండని ఔరంగజేబు పట్టుకున్నది 1687 లో. అంటే ఆ వార్త చల్లారకముందే ఇక్కడ డ్రెస్డెన్ నుంచి ఏలిన సాక్సనీ పాలకుడు ఆ వైభవాన్ని బల్ల మీద పెట్టుకుని చూసుకున్నాడు.

డింగ్లింగర్ ఇండియా ముఖం చూడలేదు. యాత్రికులు రాసిన పుస్తకాలు ముందేసుకుని చేశాడు. అందుకే మొఘలు దర్బారులో చైనా వాసన, ఈజిప్టు వాసన కలిసిపోయాయి. అది చూస్తుంటే మా పెద్దది బళ్ళో ఇండియా గురించి చెప్పడానికి చేసిన చార్టు గుర్తొచ్చింది. ఏనుగు, మామిడిపండు, తాజ్‌మహల్, హోలీ రంగులు. తెనాలి ఒక్క ముక్క లేదు. ఎందుకు పెట్టలేదే అంటే "క్లాసులో ఎవరికీ అర్థం కాదు" అంది. డింగ్లింగరుకీ తన రాజు ఏం చూస్తే మురిసిపోతాడో తెలుసు.

మా ఆయన గోల్కొండ కథ చెబుతూనే ఉన్నారు. పిల్లలు వినలేదు. చిన్నోడికి దొంగతనం కథ కావాలి. 2019 నవంబరులో దొంగలు కరెంటు డబ్బాకి నిప్పు పెట్టి వీధి దీపాలు ఆర్పేసి, కిటికీ కోసి ఈ మ్యూజియంలోకి దూరి, నగలు ఎత్తుకుపోయారు. ఆకుపచ్చ వజ్రం ఆ సమయానికి న్యూయార్క్‌లో ఒక ప్రదర్శనకి వెళ్ళి ఉంది. పోయినవాటిలో చాలా వరకు 2022 డిసెంబరులో తిరిగి దొరికాయి. ఇదంతా వాడు రాత్రి ఫోన్‌లో తాతయ్యకి చెప్పాడు. "కొల్లూరు తాతయ్యా, నీళ్ళ కింద ఉంది, అక్కడి డైమండ్" అని మొదలుపెట్టి. మా ఆయన చెప్పినదాంట్లో అంతైనా వాడి చెవిన పడిందని అప్పుడే తెలిసింది. పులిచింతల పేరు వినగానే మావయ్యగారు అందుకున్నారు. ఆ ఫోన్ ఆ రాత్రి నా చేతికి రాలేదు.

ఇప్పుడు ఇంట్లో గొడవ వచ్చే సెలవుల మీద. చిన్నోడికి మళ్ళీ వియన్నాయే కావాలి, షోన్‌బ్రున్ జూకి. అది 1752 లో పెట్టిన జూ అని వాడు వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. పెద్దది ఫ్రెండ్స్‌తో కలిసి రైలెక్కుతానంటోంది. పదిహేనేళ్ళకే ఏమిటని నేను, జర్మన్ పిల్లలందరూ వెళ్తున్నారని అది. దీని మీద మా ఆయన ఎటూ తేల్చరు. మావయ్యగారు మాత్రం పక్కాగా ఉన్నారు. వియన్నా మొదటి పైపులైను బయల్దేరే కైజర్‌బ్రున్ ఊట దగ్గర ఒక చిన్న మ్యూజియం ఉందట, మనవరాలే వెతికి లింకు పంపింది. ఆ వాలు లెక్క చూడాలి, అది పక్కన ఉండి చదివి పెట్టాలి అంటున్నారు. అది ఫ్రెండ్స్ ట్రిప్పు ఒక వారం జరిపితే కుదురుతుందని బేరం పెట్టింది. ముందు ఆయన వీసాకి అపాయింట్‌మెంట్ దొరకాలి.