అమ్మ వేలు, ఆమె ఫోన్

పోయిన నెల కోరుట్ల పోయినప్పుడు అమ్మతో రేషన్ దుకాణానికి వెళ్లాను. మిషన్ మీద బొటనవేలు పెడితే పడలేదు. చూపుడువేలూ పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. వెనక లైన్‌లో ఉన్నవాళ్లు చూస్తుంటే, "ముప్పై ఏండ్ల సంది బీడీలు చేస్తున్న బిడ్డా, ఇంక గీతలు యాడుంటయ్?" అంది. తునికాకు మీద, కత్తెర మీద, దారం మీద అరిగిన వేళ్లు. చివరికి కళ్లు చూపిస్తే బియ్యం ఇచ్చారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హన్మకొండలో ఎంటెక్ చదువుతున్నాను. తెరను తాకే తీరును బట్టి ఫోన్ ఎవరి చేతిలో ఉందో కనిపెట్టడమే నా ప్రాజెక్టు. అమ్మ వేలు ముద్ర కోల్పోయింది సరే, దాని అలవాటు ఎక్కడికి పోతుంది?

ఆమె ఫోన్ వాడేది చాట ఒళ్లో ఉండగానే. చాట అంచుకు ఫోన్ ఆనించి, తంబాకు అంటని నడిమి వేలితో జరుపుతుంది. తెర మీద ఆ వేలు గీసే గీత పొట్టిది, కుడివైపుకు కాస్త ఒరిగి ఉంటుంది. ఆఖరున వేలు ఒక్క క్షణం తెర మీదే ఆగుతుంది. చెల్లెలు బొటనవేలితో పొడుగ్గా, సర్రున లాగుతుంది. ఆండ్రాయిడ్ ప్రతి తాకుడుకూ వేలు ఆనిన చోటు, సమయం, ఎంత మేర ఆనిందో చెబుతుంది. వాటి నుంచి వేగం, వంపు, గీతకూ గీతకూ మధ్య ఎడం లెక్కగట్టి, పాత గీతల్లో ఎవరివాటికి దగ్గరగా ఉందో చూస్తాను. ఒక్క గీతతో ఏదీ తేల్చలేం, కొన్ని కలిపి చూడాలి. ఈ లెక్కలన్నీ ఫోన్‌లోనే జరగాలి. మనిషి నడవడిక వేరేవాళ్ల సర్వర్‌కు చేరడం నాకు ఇష్టం లేదు.

2013లో అచ్చయిన టచలిటిక్స్ అనే పరిశోధనలో 41 మంది గీతల నుంచి 30 లక్షణాలు తీశారు. ఒకే విడతలో తీసిన గీతల్లో పొరపాటు దాదాపు లేదు. వారం తర్వాత మళ్లీ చూస్తే 4 శాతం లోపు వచ్చింది. ఆ అంకె చదివినప్పుడు భలే అనిపించింది. ఇంట్లో పరీక్షించాక గానీ దాని బరువు తెలియలేదు.

మొన్న ఆకు కత్తిరిస్తుంటే అమ్మ నడిమి వేలు తెగింది. పట్టీ కట్టుకుని చూపుడువేలితో ఫోన్ పట్టింది. నా ప్రోగ్రామ్ ఆమెను పరాయి మనిషి అంది. ఎంత దగ్గరగా ఉంటే ఆమెదనాలో ఆ హద్దు బిగిస్తే దొంగతో పాటు అమ్మా బయటే ఉంటుంది, వదులు చేస్తే ఇద్దరూ లోపలికి వస్తారు. అదే బ్యాంకు యాప్ అయితే? రేషన్ దుకాణం ముందు నిలబడ్డట్టే మళ్లీ నిలబడాలి. అందుకే అనుమానం రాగానే తలుపు మూసేసే పద్ధతి తీసేశాను. ఇప్పుడు పిన్ అడుగుతుంది, అది సరిగ్గా కొడితే ఆ గీతలను కూడా ఆమెవిగా నేర్చుకుంటుంది. మా గైడ్ సార్‌కు ఈ మార్పు నచ్చలేదు, భద్రత తగ్గుతుందన్నారు. ఆయన మాటలో నిజముంది. అయినా నేను మార్చను.

ఆదివారం పట్టీ విప్పింది. "ఇప్పుడన్న గుర్తుపడ్తదారా?" అని నడిమి వేలు చూపించింది. ఫోన్ ఇచ్చి వార్తలు చూడమన్నాను. వేలు ఇంకా నొస్తోందేమో, మెల్లగా జరిపింది. మొదటి పది గీతల్లో ఏడు ఆమెవేనంది ప్రోగ్రామ్. "ఏడంటే పాసేనా?" అని అడిగి, చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.